ఓడినవాళ్ళ క్లబ్బు

ఆకివీడు మా అమ్మమ్మగారి ఊరు. చిన్నప్పుడు సెలవలకి వెళ్తే, సాయంత్రం పూట ఆ ఇంట్లో రెండు రకాల ఆటలు కనిపించేవి. బయట అరుగు మీద తాతయ్య, ఆయన స్నేహితులూ చదరంగం. లోపల వసారాలో అమ్మమ్మ, పక్కింటి పిన్నులూ వామనగుంటలు, లేదంటే గవ్వలేసి అష్టాచెమ్మా. రొయ్యల రేటు ఎంత పలికింది, ఎవరి చెరువు పట్టుబడికి వచ్చింది అనే కబుర్లు రెండు చోట్లా ఒకటే. ఆటలు మాత్రం వేరు. కాఫీ గ్లాసులు ఇవ్వడానికి అమ్మమ్మ అరుగు మీదకి వచ్చినప్పుడు బోర్డు వైపు ఒక్క క్షణం చూసేది. ఆవిణ్ణి కూర్చోమని ఎవరూ అన్నట్టు నాకు గుర్తు లేదు. తనూ అడగలేదు. అందులో వింత ఏమైనా ఉందని మాకూ తట్టలేదు.

ఆకివీడు స్టేషన్లో గుడివాడ వైపు రైలెక్కితే కైకలూరు, మండవల్లి దాటగానే గుడివాడ వచ్చేస్తుంది. అక్కడ 1987లో పుట్టిన కోనేరు హంపి 2002లో, పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. అప్పటిదాకా ప్రపంచంలో ఏ అమ్మాయీ అంత చిన్న వయసులో ఆ టైటిల్ తెచ్చుకోలేదు. 2024 సెప్టెంబరులో బుడాపెస్ట్ చెస్ ఒలింపియాడ్‌లో మన మహిళల జట్టు మొదటిసారి బంగారు పతకం గెలిచింది. ఆ జట్టులో మొదటి బోర్డు మీద ఆడింది గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక. కప్పు ఎత్తి పట్టుకున్న ఆ ఫోటోని మన హాస్టల్లో చాలామందిమి స్టేటస్ పెట్టుకున్నాం. ఆ కప్పుకి ఒక పేరుంది: వెరా మెంచిక్ కప్పు. ఆవిడెవరో నాకూ అప్పుడు తెలీదు. తర్వాత చదివాను. ఇది ఆవిడ కథ.

వెరా 1906 ఫిబ్రవరి 16న మాస్కోలో పుట్టింది. నాన్న ఫ్రాంటిషెక్ మెంచిక్ చెక్ దేశస్థుడు, అక్కడ జమీందారీ ఎస్టేట్ల వ్యవహారాలు చూసేవాడు. అమ్మ ఓల్గా ఇంగ్లీషావిడ, పెద్దింటి పిల్లలకి ఇంట్లో ఉండి చదువు చెప్పేది. చెల్లెలి పేరు కూడా ఓల్గాయే. వెరాకి తొమ్మిదేళ్ళప్పుడు నాన్న చదరంగం నేర్పాడు. సరదాకి నేర్పిన ఆటే. ఆ పిల్ల దాన్ని పట్టుకుని ప్రపంచం చుట్టి వస్తుందని ఆయన అనుకుని ఉండడు.

1917లో విప్లవం వచ్చింది. వాళ్ళ పిండిమిల్లు ప్రభుత్వపరం అయింది. పెద్ద ఇంట్లో హాయిగా బతికిన కుటుంబం గదులు పరాయివాళ్ళతో పంచుకోవాల్సి వచ్చింది. చలికాలంలో వెచ్చదనం లేని బడి, మంచులో నడక. ఆ బడిలోనే పద్నాలుగేళ్ళ వయసులో వెరా తన మొదటి చెస్ పోటీ ఆడింది. 1921 చలికాలం ముందు ఇల్లు రెండు ముక్కలైంది. నాన్న తన దేశానికి వెళ్ళిపోయాడు. అమ్మ ఇద్దరు కూతుళ్ళనీ తీసుకుని ఇంగ్లండ్‌లో సముద్రం ఒడ్డున ఉన్న హేస్టింగ్స్‌లో తన తల్లి దగ్గరకి చేరింది.

ఊరు కాని ఊరు. అమ్మ ఇంగ్లీషావిడే అయినా వెరా పెరిగింది రష్యన్‌లో. పదిహేనేళ్ళ పిల్ల, మాట కలపడానికి భాష రాదు. మనలో తెలుగు మీడియం నుంచి వచ్చి, ఇంజనీరింగ్ మొదటి సెమిస్టర్లో వెనక బెంచీ మీద నోరు మెదపకుండా కూర్చున్నవాళ్ళకి ఆ ఇబ్బంది ఎలాంటిదో చెప్పక్కర్లేదు. చదరంగానికి మాటలు అక్కర్లేదు కదా. 1923 మార్చిలో వెరా హేస్టింగ్స్ చెస్ క్లబ్బులో చేరింది. అక్కడ ఆమెకి దొరికిన గురువు గేజా మారోచీ, హంగరీకి చెందిన పేరున్న గ్రాండ్‌మాస్టర్. తొందరపడి దాడి చెయ్యకుండా, పావుల్ని సరైన గళ్ళలో నిలబెట్టుకుని, ఎదుటివాడు తప్పు చేసేదాకా ఓపిక పట్టే ఆట ఆయనది. వెరాకీ అదే అబ్బింది.

1925లో అప్పటి బ్రిటిష్ మహిళా ఛాంపియన్ ఎడిత్ ప్రైస్‌తో రెండు మ్యాచ్‌లు ఆడి రెండూ గెలిచింది. 1926లో లండన్‌లో జరిగిన అమ్మాయిల ఛాంపియన్‌షిప్ కూడా ఆమెదే. ఇక 1927 వచ్చింది. ఆ ఏడాది లండన్‌లో మొదటి చెస్ ఒలింపియాడ్‌తో పాటు, చరిత్రలో మొట్టమొదటి మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా పెట్టారు. మగవాళ్ళకి ప్రపంచ ఛాంపియన్ అనే మాట 1886 నుంచే ఉంది. ఆడవాళ్ళకి నలభై ఏళ్ళు పట్టింది. చదరంగమే నయం. గళ్ళ బోర్డు మీద నలుపు తెలుపు బిళ్ళలతో ఆడే డ్రాఫ్ట్స్‌లో అయితే మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1973 దాకా మొదలే కాలేదు.

లండన్‌లో పన్నెండు మంది ఆడారు. గెలిస్తే ఒక పాయింటు, డ్రా అయితే అర. వెరా పదకొండు ఆటల్లో పది గెలిచి, ఒకటి డ్రా చేసుకుంది. ఇరవై ఒక్కేళ్ళకి ప్రపంచ ఛాంపియన్.

ఆ టైటిల్ ఆమె మళ్ళీ ఎవరికీ వదల్లేదు. 1930 హాంబర్గ్, 1931 ప్రాగ్, 1933 ఫోక్‌స్టోన్, 1935 వార్సా, 1937 స్టాక్‌హోమ్, 1939 బ్యూనస్ ఎయిర్స్. లండన్‌తో కలిపి ఏడు టోర్నమెంట్లు, ఏడూ ఆమెవే. మొత్తం 83 ఆటల్లో 78 గెలుపులు, 4 డ్రాలు, ఒకే ఒక్క ఓటమి. ఆ ఒక్కటీ హాంబర్గ్‌లో. ఆ టోర్నమెంట్లలో నాలుగింటిలో అన్ని ఆటలకి అన్నీ గెలిచింది. మన భాషలో చెప్పాలంటే, నాలుగు సెమిస్టర్లు వరసగా పదికి పది.

ఇక్కడితో ఆపేస్తే ఇది మామూలు విజయగాథ అవుతుంది. అసలు కథ వేరే గదిలో ఉంది. ఆ గదిలో ఆవిడ ఎక్కువసార్లు ఓడిపోయింది.

1929 వసంతంలో ఇంగ్లండ్‌లోని రామ్స్‌గేట్‌లో ఒక టోర్నమెంట్ జరిగింది. మాజీ ప్రపంచ ఛాంపియన్ కాపబ్లాంకా మొదటి స్థానం. ఆయనకి అర పాయింటు వెనక, రూబిన్‌స్టీన్‌తో సమానంగా వెరా. తన గురువు మారోచీ ఆమె కంటే వెనకబడ్డాడు. అంతటితో చెస్ లోకం ఆమె వైపు తిరిగింది. అదే ఏడాది ఎండాకాలంలో కార్ల్స్‌బాద్ టోర్నమెంట్‌కి పిలుపు వచ్చింది. అప్పట్లో అంతకంటే గట్టి పోటీ అరుదు. మొత్తం ఇరవై రెండు మంది. అందులో ఆడమనిషి వెరా ఒక్కతే.

అప్పుడు వియన్నా మాస్టర్ ఆల్బర్ట్ బెకర్‌కి ఒక జోకు తట్టింది. ఈ టోర్నమెంట్లో ఎవరైతే ఈవిడ చేతిలో ఓడిపోతారో వాళ్ళందరినీ ఒక క్లబ్బులో చేర్చుకుందాం, దానికి వెరా మెంచిక్ క్లబ్బని పేరు పెడదాం అన్నాడు. అందరూ నవ్వారు. మనకీ ఇలాంటి నవ్వులు కొత్త కాదు. క్లాసులో అమ్మాయికి కోడింగ్ కాంటెస్ట్‌లో ఎక్కువ మార్కులొస్తే, ఆమె వెనక వచ్చిన అబ్బాయిని ఏడిపించే నవ్వు అదే. ఆ నవ్వు పైకి ఆ అబ్బాయి మీద. అడుగున మాత్రం ఆ అమ్మాయి మీద.

మూడో రౌండ్లో బెకర్ వెరాతో ఆడాడు. ఓడిపోయాడు. తను పెట్టిన క్లబ్బులో తనే మొదటి సభ్యుడు.

ఈ కథ చెప్పేవాళ్ళు చాలామంది ఇక్కడ ఆపేస్తారు, చప్పట్లు పడతాయి కాబట్టి. మిగతాది కూడా చెప్పాలి. ఆ టోర్నమెంట్లో వెరాకి 21 ఆటల్లో వచ్చినవి 3 పాయింట్లు. చిట్టచివరి స్థానం. మూడు వారాల పైగా దాదాపు ప్రతి సాయంత్రం ఓడిపోయి, మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఆ హాల్లోకి వెళ్ళి కూర్చుంది. నన్ను ఆపింది బెకర్ జోకు కాదు, ఈ మూడు వారాలు. ఆవిడకి ఆ అవసరం లేదు. ఇంటి దగ్గర ప్రపంచ ఛాంపియన్ అనే పేరుంది, ఆడవాళ్ళలో పోటీ లేదు. ఆ టైటిల్ చాలనుకుని ఉంటే ఆమె ఓటమి అన్న మాటే పెద్దగా వినక్కర్లేదు. కానీ ఎదురులేని చోట గెలుస్తూ కూర్చుంటే తన ఆట ఎంతో తనకే తెలీదు. ఆ కొలత ఓడిపోయే చోటే దొరుకుతుంది.

అందుకే మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. హేస్టింగ్స్‌లో ప్రతి క్రిస్మస్‌కీ జరిగే టోర్నమెంట్‌లో ఏటా ఆమె పేరు ఉండేది. క్లబ్బు పెరుగుతూ వచ్చింది. డచ్ ఆటగాడు మాక్స్ యూవీని 1930-31లో ఓడించింది. మరుసటి ఏడు మళ్ళీ ఓడించింది. ఆ యూవీయే 1935లో అలెఖైన్‌ని గెలిచి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. మన ఉపఖండం నుంచి వెళ్ళి మూడుసార్లు బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ గెలిచిన పంజాబీ మేధావి మీర్ సుల్తాన్ ఖాన్ కూడా ఆ క్లబ్బులో సభ్యుడే. అమెరికా బాలమేధావిగా పేరు పొందిన రెషెవ్‌స్కీ కూడా. కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి ఇంకో సంగతి. క్లబ్బులోని హ్యూ అలెగ్జాండర్, మిల్నర్ బారీ, హ్యారీ గోలంబెక్, ఈ ముగ్గురూ తర్వాత రెండో ప్రపంచయుద్ధంలో బ్లెచ్లీ పార్క్‌లో పనిచేశారు. అలన్ ట్యూరింగ్ పనిచేసిన ఆ చోటే జర్మన్ల ఎనిగ్మా సంకేతాలు విప్పింది. ఎనిగ్మా పని పట్టిన జట్టులోని వాళ్ళకి వెరా పెట్టిన చిక్కుముడి మాత్రం విడలేదు.

క్లబ్బులో ఇంకొకాయన సర్ జార్జ్ థామస్. రెండుసార్లు బ్రిటిష్ చెస్ ఛాంపియన్. వెరా చేతిలో ఒకసారి కాదు, పదే పదే ఓడినవాడు. ఈ పేరు ఎక్కడో విన్నట్టుందా? ఆయన బాడ్మింటన్‌లోనూ దిట్ట. థామస్ కప్‌కి ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. 2022లో బ్యాంకాక్‌లో మన దేశం మొదటిసారి ఆ కప్పు గెలిచినప్పుడు జట్టులో కిడాంబి శ్రీకాంత్, అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ ఉన్నారు. రెండేళ్ళకి హారిక వాళ్ళు వెరా కప్పు తెచ్చారు. దాదాపు తొంభై ఏళ్ళ కిందట ఒకే బోర్డుకి అటూ ఇటూ కూర్చున్న ఇద్దరి పేర్లున్న కప్పుల్నీ మన తెలుగు చేతులు ముట్టుకున్నాయి.

1935 గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆ ఏడాది మొదట్లో మాస్కోలో పెద్ద అంతర్జాతీయ టోర్నమెంట్ జరిగింది. పద్నాలుగేళ్ళ తర్వాత వెరా తను పుట్టిన ఊళ్ళో అడుగుపెట్టింది. ఇరవై మందిలో చివరి స్థానం. 19 ఆటల్లో ఒక్క గెలుపూ లేదు, మూడు డ్రాలు మాత్రమే. పుట్టిన ఊళ్ళో, తెలిసిన భాషలో, అందరూ చూస్తుండగా అలా ఓడిపోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. అదే ఏడాది ఆగస్టులో వార్సాలో మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి వెళ్ళి తొమ్మిదికి తొమ్మిది గెలిచింది. రెండు చోట్లా ఆడింది ఒకే మనిషి, ఒకే ఆట. ఈ రెండు ఫలితాల్లో ఒక్కదాన్నే చూసి ఆవిణ్ణి తూచేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

వార్సా పోటీకి బయల్దేరిన ఇంకొక ఆటగత్తె అక్కడికి చేరనే లేదు. నాలుగుసార్లు బ్రిటిష్ మహిళా ఛాంపియన్ అయిన ఆగ్నెస్ స్టీవెన్‌సన్, దారిలో పోజ్నాన్ విమానాశ్రయంలో తిరుగుతున్న ప్రొపెల్లర్ తగిలి చనిపోయింది. ఆమె భర్త రూఫస్ స్టీవెన్‌సన్ చెస్ వ్యవహారాల్లో తలమునకలుగా ఉండే మనిషి. 1937 అక్టోబరులో వెరా ఆయన్ని పెళ్ళి చేసుకుంది. ఆయన ఆమెకంటే ఇరవై ఎనిమిదేళ్ళు పెద్ద. అదే ఏడాది సోన్యా గ్రాఫ్ అనే జర్మన్ క్రీడాకారిణితో ఆస్ట్రియాలో పదహారు ఆటల మ్యాచ్ ఆడి, పదకొండున్నర, నాలుగున్నర తేడాతో గెలిచింది. ఆడవాళ్ళలో వెరాకి కాస్తయినా దీటుగా నిలబడింది ఈ గ్రాఫే.

వెరా ఏ దేశం మనిషి అన్న ప్రశ్నకి ఒక్క జవాబు లేదు. 1927లో రష్యా పేరు మీద ఆడింది. తర్వాత పదేళ్ళూ చెకోస్లొవేకియా. పెళ్ళితో బ్రిటిష్ పౌరసత్వం వచ్చాక 1939లో ఇంగ్లండ్. జెండాలు మూడు మారాయి, ఛాంపియన్ మారలేదు.

ఆ 1939 పోటీ బ్యూనస్ ఎయిర్స్‌లో. మధ్యలో ఉండగానే సెప్టెంబరు 1న యూరప్‌లో యుద్ధం మొదలైంది. నాజీలని వ్యతిరేకించిన సోన్యా గ్రాఫ్ జర్మనీ జెండా కింద కాకుండా ఏ దేశానికీ చెందని ఆటగత్తెగా ఆడుతోంది. వెరాతో ఆటలో గ్రాఫ్‌కి గెలిచే అవకాశం వచ్చింది, చేజార్చుకుంది. వెరా 19 ఆటల్లో 17 గెలిచి 2 డ్రా చేసి ఏడోసారి ఛాంపియన్ అయింది. గ్రాఫ్ అర్జెంటీనాలోనే ఉండిపోయింది. వెరా లండన్ తిరిగి వచ్చింది.

యుద్ధం మొదలైన రోజుల్లోనే లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లోని జాన్ లూయిస్ దుకాణంలో నేషనల్ చెస్ సెంటర్ తెరిచారు. దాన్ని నడిపే బాధ్యత వెరాది. ఏడాది తిరక్కుండానే, 1940లో బాంబుదాడిలో అది కాలిపోయింది. అయినా ఆట మానలేదు. 1942లో, జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన పాత తరం మాస్టర్ జాక్వెస్ మీజెస్‌తో పది ఆటల మ్యాచ్ ఆడి గెలిచింది. 1943 ఫిబ్రవరిలో భర్త చనిపోయాడు. దక్షిణ లండన్‌లో క్లాపమ్ అనే పేటలో అమ్మ, చెల్లెలు, తనూ మిగిలారు.

1944 జూన్ 13న లండన్ మీద కొత్త రకం ఆయుధం పడటం మొదలైంది. వీ-1. పైలట్ లేని విమానం. పల్స్ జెట్ ఇంజన్, ముందు 850 కిలోల పేలుడు పదార్థం. ముక్కు దగ్గర ఒక చిన్న ఫ్యాను గాలికి తిరుగుతూ ఎంత దూరం వచ్చిందో లెక్కపెడుతుంది, లెక్క పూర్తవగానే విమానం నేలకేసి దూకుతుంది. ఇంజన్ మోత వినిపిస్తున్నంతసేపూ భయం లేదు. మోత ఆగితేనే భయం. మన ప్రొపల్షన్ క్లాసులో పల్స్ జెట్‌కి ఉదాహరణగా ఈ పేరు ఒక్క లైనులో వచ్చి వెళ్ళిపోతుంది. జూన్ 26న ఒక వీ-1 క్లాపమ్‌లో గాడెన్ రోడ్డులోని వాళ్ళ ఇంటి మీద పడింది. నేలమాళిగలో తలదాచుకున్న వెరా, చెల్లెలు ఓల్గా, అమ్మ, ముగ్గురూ చనిపోయారు. పెరట్లో ఉన్న షెల్టర్ చెక్కు చెదరలేదు. వెరాకి అప్పటికి ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఇంకా ప్రపంచ ఛాంపియనే.

ఆ టైటిల్‌ని ఆవిడ దగ్గర్నుంచి ఎవరూ గెలుచుకోలేదు. ఖాళీ అయిన కుర్చీ కోసం 1949-50 చలికాలంలో పదహారు మంది ఆడారు, లుద్మిలా రుదెంకో గెలిచింది. ఆ పోటీ జరిగింది మాస్కోలో, వెరా పుట్టిన ఊళ్ళో. 1957లో మహిళల చెస్ ఒలింపియాడ్ మొదలైనప్పుడు గెలిచిన జట్టుకిచ్చే కప్పుకి ఆమె పేరు పెట్టారు. 2011లో ప్రపంచ చెస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు. అక్కడ చేరిన మొదటి మహిళ ఆమే.

మొన్న హాస్టల్లో చెస్ పోటీకి పేర్లు రాసేటప్పుడు రెండు షీట్లు పెట్టారు. ఒకటి ఓపెన్, ఒకటి గర్ల్స్. ఓపెన్ అంటే ఎవరైనా రాయొచ్చని అర్థం. అందులో ఒక్క అమ్మాయి పేరూ లేదు. ఎవరూ వద్దనలేదు. అమ్మమ్మని అరుగు మీదకి రావద్దని కూడా ఎవరూ అనలేదు మరి. గర్ల్స్ షీట్ తప్పని నేను అనను. 1927లో ఆ వేరే షీటు పెట్టకపోతే వెరా పేరు మనదాకా వచ్చేదే కాదేమో. రెండో షీట్‌లో కూడా రాయడం ఆవిడ గొప్పతనం. చివరి స్థానం వస్తుందని తెలిసి కూడా రాయడం.

పోయిన సంక్రాంతికి ఆకివీడు వెళ్ళినప్పుడు అటక మీంచి తాతయ్య బోర్డు దింపాను. అమ్మమ్మకి గుర్రం నడక తప్ప మిగతావన్నీ ఎప్పుడో తెలుసు. కాఫీ గ్లాసులు ఇస్తూ నేర్చుకుందట. వరసగా మూడు ఆటలు ఓడిపోయింది. నేను బోర్డు సర్దబోతుంటే తను నా చెయ్యి పక్కకి తోసి, నాలుగో ఆటకి పావులు పేర్చడం మొదలెట్టింది.